తాజంగి పన్నెండు నెలలూ ఉంటుంది

మా హాస్టల్ రూమ్మేట్‌ది జి.మాడుగుల దగ్గర ఓ చిన్న ఊరు. ఫస్టియర్‌లో నవంబర్ చివరి వారం వచ్చిందంటే చాలు, ఫ్లోర్‌లో ఉన్నవాళ్ళంతా వాడి చుట్టూ చేరేవాళ్ళం. "మీ దగ్గర ఎన్ని డిగ్రీలుందిరా ఇవాళ?", "మంచు పడుతోందా?", "టెంట్లు ఎవరిస్తారు?" సంక్రాంతి దాటాక మళ్ళీ వాడిని ఒక్కడూ ఏమీ అడిగేవాడు కాదు. ఓ రోజు వాడే నవ్వుతూ అన్నాడు: "మా ఊరు డిసెంబర్‌లో మాత్రమే ఉంటదనుకుంటార్రా మీరంతా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఈ వ్యాసం ఆ మాటకి జవాబు చెప్పే ప్రయత్నం. మన క్లబ్ ఏటా జనవరిలో వేసే అరకు ట్రిప్ గురించి ఒక ప్రతిపాదన కూడా ఉంది, చివర్లో చెప్తాను.

నెలన్నర లోడ్

సెకండియర్ జనవరిలో మేం పద్నాలుగు మందిమి లంబసింగి, తాజంగి వెళ్ళాం. తెలియనివాళ్ళకి చెప్తున్నా: నర్సీపట్నం నుంచి సుమారు ముప్ఫై కిలోమీటర్లు ఘాట్ రోడ్డెక్కితే లంబసింగి. అక్కడి నుంచి పది కిలోమీటర్లలోపే తాజంగి జలాశయం. చుట్టూ కొండలు, మధ్యలో నీళ్ళు. ఊటీ, కొడైకెనాల్‌లలో చెరువు చూసి మురిసిపోతాం కదా, అవి కూడా మనిషి కట్టినవే. ఊటీ చెరువు 1824లో, కొడైకెనాల్ చెరువు 1863లో కట్టారు. మన తాజంగి కూడా వాననీటికి అడ్డకట్ట వేస్తే నిలిచిన చెరువే.

తెల్లవారుజామున నాలుగింటికి మేం అక్కడికి చేరేసరికి మాకంటే ముందే బోలెడు కార్లు. మంచు కన్నా హెడ్‌లైట్లే ఎక్కువ కనిపించాయి. ఎవరో కారు డిక్కీ తెరిచి స్పీకర్ పెట్టారు, ఇంకొకరు అంతకన్నా పెద్దది పెట్టారు. గట్టు పొడవునా ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ పార్సిల్ డబ్బాలు, చలిమంట బూడిద. మరుగుదొడ్డి కోసం మా క్లాస్ అమ్మాయిలు పడ్డ అవస్థ ఇక్కడ రాయను, అడిగితే వాళ్ళే చెప్తారు. సూర్యోదయం చూశాం, ముందున్న వాళ్ళ సెల్ఫీ స్టిక్కుల సందుల్లోంచి. మామూలు రోజుల్లో ఎనిమిది వందలని ఫోన్‌లో విన్న టెంటుకి ఆ రాత్రి రెండున్నర వేలు ఇచ్చాం.

తిరిగొస్తూ రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర ఆగాం. నిద్రలేని కళ్ళతో టీ పోస్తున్న ఆవిడని "బాగా గిరాకీ కదక్కా" అని పలకరించాను. "ఈ నెలన్నరే బాబూ మాకు. సంకురాత్రి దాటితే ఇంకెవులొస్తారు?" అంది. సంతోషం, దిగులు రెండూ ఒకే గొంతులో వినిపించాయి.

నేను చదివేది ఎలక్ట్రికల్. మాకు లోడ్ ఫ్యాక్టర్ అని ఒక లెక్క నేర్పుతారు. సగటు వాడకాన్ని గరిష్ఠ వాడకంతో భాగిస్తే వచ్చేది. ఆవిడ మాటని ఈ లెక్కలో పెట్టి చూశాను. ఒక గదికి ఏడాదిలో 365 రాత్రులు. అందులో నెలన్నర, అంటే 45 రాత్రులు నిండి మిగతా రోజులు ఖాళీగా ఉంటే లోడ్ ఫ్యాక్టర్ 12 శాతం పైచిలుకు. ఆ లెక్కతో నడిచే పవర్ ప్లాంట్ ఏదైనా ఉంటే యూనిట్‌కి ఎంత వసూలు చేస్తుందో మనకి తెలుసు. టెంటుకి రెండున్నర వేలు ఎందుకయ్యాయో కూడా అక్కడే తెలిసిపోతుంది. నలభై ఐదు రోజుల సంపాదనతో మూడొందల ఇరవై రోజులు గడపాలి మరి.

ఇంకో సంగతి. పీక్ లోడ్‌కి సరిపడా మరుగుదొడ్లు, చెత్తబండ్లు, పార్కింగ్ ఎవరు కడతారు? కట్టినా పదిన్నర నెలలు వాటికి తాళాలే. కట్టకపోతే చెరువు గట్టే అన్నీ అవుతుంది. అక్కడ జరుగుతున్నది ఈ రెండోదే. ఆ గట్టు మీద మనం వదిలేసిన గ్లాసు తొలి వానకి కొట్టుకొచ్చి చెరువులో పడుతుంది. ఆ నీళ్ళు కింద పొలానికి పోయేవి.

తమాషా ఏంటంటే, జలాశయం అనేది పుట్టిందే ఈ సమస్యకి పరిష్కారంగా. నాలుగు నెలల్లో దబదబా పడే వానని పట్టి ఉంచి ఏడాదంతా మెల్లగా వదలడం దాని పని. అలాంటి చెరువు దగ్గరికి వెళ్ళి మనం ఏడాది జనాన్ని నెలన్నరలో గుమ్మరిస్తున్నాం.

ఎత్తు డిసెంబర్‌లో పెరగదు

"చలి కోసమే కదా వెళ్ళేది, వేరే నెలల్లో ఏముంటుంది?" అని అడుగుతారు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తు. అరకు 900 మీటర్ల పైన. గాలిలో కిలోమీటరు పైకి వెళ్తే సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. ఈ ఆరున్నర డిగ్రీలు డిసెంబర్‌కి ఎవరూ రిజర్వ్ చేయలేదు. మే నెలలో నర్సీపట్నం 40 దాటి ఉడికిపోతున్న రోజున కూడా పైన ఆ తేడా ఉంటుంది.

డిసెంబర్, జనవరిల్లో అదనంగా జరిగేది ఒకటుంది. ఆకాశం మబ్బుల్లేకుండా ఉండటం వల్ల రాత్రిపూట నేల వేడంతా పైకి పోతుంది. చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలు వెంట జారి లోయలో చేరుతుంది. గాలికన్నా చెరువు నీళ్ళు కాస్త వెచ్చగా ఉంటాయి గనక వాటి మీంచి పొగలాగా ఆవిరి లేస్తుంది. బాగుంటుంది, కాదనను. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు, ఆరుబయట ఉన్న మనిషి కర్రలా బిగుసుకుపోతాడని. కానీ ఆ పొగమంచు ఎండ ఎక్కేసరికి విడిపోతుంది. రెండు మూడు గంటల దృశ్యం కోసం ఏడాది మొత్తాన్ని తీసి పక్కన పెట్టేశాం. 2025లో ప్రభుత్వం అరకులో జరిపిన ఉత్సవానికి పెట్టిన పేరు కూడా చలి ఉత్సవమే.

ఆ జనవరి తర్వాత నేను ఇంకో మూడు సార్లు కొండెక్కాను. అక్టోబర్‌లో ఒకసారి, మార్చి చివర్లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి. మొదటి రెండూ రూమ్మేట్‌తో, మూడోది నలుగురితో రైల్లో. ఆ అనుభవంతో, వాడు చెప్పిన సంగతులతో ఈ ప్లాన్ రాస్తున్నాను.

నాలుగు కాలాల ప్లాన్

*జూన్ నుంచి సెప్టెంబర్:* కొండలకి అసలు సీజన్ ఇదే అంటాను నేను. గోస్తని నది నీళ్ళు దూకే కటికి జలపాతం, జి.మాడుగుల వైపు కొత్తపల్లి జలపాతం, డుంబ్రిగూడ దగ్గర చాపరాయి, అన్నీ నిండుగా ఉండేది అప్పుడే. డిసెంబర్‌లో మనం చూసేది వాటి మిగులు. ఈ కాలంలో సొంత కారు కన్నా కిరండూల్ రైలు మేలు. ఇనుప ఖనిజాన్ని బైలదిల్లా నుంచి విశాఖ రేవుకి దించడానికి 1960లలో వేసిన లైను అది. యాభైకి పైగా సొరంగాలు దాటుతుంది. దారిలో వచ్చే శిమిలిగుడ స్టేషన్ దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. విశాఖలో పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నంలోపు అరకులో ఉంటాం. అద్దాల విస్టాడోమ్ పెట్టె 2017లో వచ్చింది, కానీ మామూలు పెట్టె కిటికీలోంచి వచ్చే తడి మట్టి వాసన అద్దాల్లోంచి రాదు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. అల్పపీడనం అని వార్త వస్తే ట్రిప్ ఆపేయండి, టికెట్ డబ్బులు పోయినా సరే. కొండచరియలు పట్టాల మీద పడి రైళ్ళు ఆగిన సందర్భాలున్నాయి. గెడ్డ ఎండగా ఉన్నప్పుడు కూడా ఉన్నట్టుండి పొంగుతుంది, ఎందుకంటే వాన పడేది మనకి కనపడని పై కొండ మీద. స్థానికులు దాటని గెడ్డని మనం దాటకూడదు. దోమల కాలం, మలేరియా ఉన్న ప్రాంతం, నిండు చేతుల చొక్కా మర్చిపోవద్దు. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు వద్దు.

*అక్టోబర్, నవంబర్:* నన్నడిగితే మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇదే సరైన కాలం. చెరువు నిండి ఉంటుంది. మెట్ల పొలాల్లో వరి పండుతూ ఉంటుంది. నవంబర్ వచ్చేసరికి వలిసెలు పూసి కొండవాలంతా పసుపు రంగు. సంతలో సీతాఫలాలు. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మబ్బుల సముద్రం ఈ నెలల్లో కూడా దొరుకుతుంది. మేం అక్టోబర్‌లో తాజంగి గట్టు మీద పొద్దున్నంతా కూర్చుంటే మాతోపాటు ఉన్నది ఇద్దరు చేపలు పట్టేవాళ్ళు, ఒక మేకల మంద. నీళ్ళ చప్పుడు ఎలా ఉంటుందో మొదటిసారి అప్పుడే విన్నాను.

ఈ కాలానికి ఉన్న ఒకే భయం తుపాను. 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ విశాఖని కొట్టిన సంగతి అందరికీ గుర్తుంది. అదే తుపాను ఏజెన్సీలో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లని కూల్చేసిందని మనలో ఎంతమందికి తెలుసు? చెట్టు మళ్ళీ నీడనివ్వాలంటే ఏళ్ళు పడుతుంది.

*డిసెంబర్, జనవరి:* వెళ్ళాలనుకుంటే సోమవారం నుంచి గురువారం మధ్య వెళ్ళండి. క్రిస్మస్ నుంచి సంక్రాంతి వరకు ఉండే వారాంతాలు వదిలేయండి. కాఫీ పండ్లు ఎర్రగా పండి కోతలు జరిగే రోజులివి, తోటలో పనిచేస్తున్న వాళ్ళకి అడ్డం రాకుండా చూడొచ్చు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరబికా ఇదే. అరకులో తాగే కప్పు వెనక ఎవరి చేతులున్నాయో కనపడుతుంది.

*ఫిబ్రవరి నుంచి మే:* జనం దాదాపు మర్చిపోయిన కాలం. ఫిబ్రవరి, మార్చిల్లో మోదుగులు ఎర్రగా పూస్తాయి. వేసవి మొదట్లో ఒక జల్లు పడితే కాఫీ తోటలు ఒక్కసారిగా తెల్లగా విచ్చుకుంటాయి. మల్లెలాంటి వాసన. నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. మేం మార్చి చివర్లో వెళ్ళినప్పుడు అది మాకు దొరకడం కేవలం అదృష్టం. తెల్లవారేసరికి చెట్ల కింద ఇప్పపూలు రాలి ఉంటాయి, పిల్లలు బుట్టలతో ఏరుతుంటారు. చైత్రంలో ఇటుకల పండగ. మగవాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళు దారికి అడ్డంగా తాడో కర్రో పెట్టి వచ్చే పోయే బండ్లని ఆపి పండగ చందా అడుగుతారు. తెలియని టూరిస్టులు దీన్ని దోపిడీ అనుకుని గొడవపడతారు. మన వీధిలో వినాయక చవితి చందాకి ఇచ్చినట్టే ఇచ్చి, రెండు మాటలు మాట్లాడి వెళ్తే సరిపోతుంది.

వేసవిలో చెరువు నీళ్ళు దిగిపోయి అంచున మట్టి కనిపిస్తుంది. ఫోటోకి బాగుండకపోవచ్చు. కానీ ఆ చెరువు నిజంగా ఏం పని చేస్తోందో అప్పుడే అర్థమవుతుంది. కొన్ని ఊళ్ళలో ఊటలు ఎండి ఆడవాళ్ళు బిందెలతో దూరం నడిచేది కూడా అప్పుడే. మనం వెళ్తే మన నీళ్ళ వాడకం మీద కన్నేసి ఉంచాలి. మధ్యాహ్నాలు పిడుగుల వాన వస్తే చెట్ల కింద నిలబడకూడదు.

రోడ్డు ఎవరిది

లంబసింగి ఘాట్‌లో మన కార్లు హారన్ కొట్టుకుంటూ ఎక్కుతాయి కదా, ఆ దారికి ఒక కథ ఉంది. వందేళ్ళ కిందట ఈ ప్రాంతంలో నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్లు వేయడానికి గూడెం తాసిల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా పని చేయించాడు. రంప తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో అదొకటి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మనం వెళ్ళడానికి భయపడే వానాకాలంలోనే అదంతా జరిగింది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన ఈ జిల్లాకి ఆయన పేరే పెట్టారు.

ఇదంతా ఎందుకంటే, ఆ కొండల మీద పనిచేసేది ఒకరు, లాభపడేది ఇంకొకరు అనే గొడవ పాతది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు పోకుండా 1/70 చట్టం ఉంది. అనంతగిరి మండలం గనుల లీజుల మీద వచ్చిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, అక్కడి ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు లీజుకి ఇవ్వడం చెల్లదని చెప్పింది. అలాంటి చోటికి వెళ్ళినప్పుడు మన డబ్బు ఎవరి చేతికి పోతోందో చూసుకోవడం మన బాధ్యత కాదా? బుక్ చేసే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ గది మీ సొంతమేనా, మీ ఊరి వాళ్ళదేనా?" కాఫీ, పసుపు, మిరియాలు, రాజ్మా సంతలోనో, 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో కొనండి. సంతలో కొండచీపురుకి పది రూపాయలు బేరమాడి, దిగొచ్చాక కాఫీ షాపులో రెండొందలకి కాపుచినో తాగే అలవాటు మనది. నాక్కూడా ఉంది.

ఎదురు ప్రశ్నలు

ఈ ఆలోచన చెప్పినప్పుడు క్లబ్‌లో రెండు గట్టి అభ్యంతరాలు వచ్చాయి.

మొదటిది, "మనకి సెలవులు అప్పుడే కదా" అని. నిజమే, పండగ సెలవులకి తిరుగులేదు. కానీ దసరా సెలవులున్నాయి, రెండో శనివారాలున్నాయి. రైలుకి పొద్దున వెళ్ళి మర్నాడు సాయంత్రానికి హాస్టల్లో ఉండొచ్చు. మా మార్చి ట్రిప్‌కి ఒక్క క్లాస్ కూడా పోలేదు.

రెండోది నా రూమ్మేటే అడిగాడు. "ఏడాదంతా రండి అంటున్నావు సరే, నెలన్నర పడే బాధ పన్నెండు నెలలకి పాకితే?" నిజం చెప్పాలంటే ఈ ప్రశ్నకి నేను చాలా రోజులు జవాబు చెప్పలేకపోయాను. నేను కోరేది ఎక్కువమంది వెళ్ళాలని కాదు. వెళ్ళే ఆ పదిమందీ ఒకే రోజు వెళ్ళకూడదని. అందులోనూ కొన్ని రోజులు వదిలేయాలి. నాట్ల రోజుల్లో ఊరంతా పొలంలో ఉన్నప్పుడు మన కోసం ఎవరో వంట చేయాలనుకోవడం న్యాయం కాదు. ఊళ్ళో పండగకి మనం పిలిస్తేనే వెళ్ళే అతిథులం.

మనంతట మనం సర్దుకోకపోతే ఏమవుతుందో తమిళనాడు చూపించింది. జనం తాకిడి తట్టుకోలేక 2024 మే 7 నుంచి నీలగిరి, కొడైకెనాల్ వెళ్ళే వాహనాలకి మద్రాస్ హైకోర్టు ఈ-పాస్ తప్పనిసరి చేసింది. మరుసటి ఏడాది వేసవి సీజన్‌కి నీలగిరికి మామూలు రోజుల్లో 6000, వారాంతాల్లో 8000 వాహనాలని పరిమితి పెట్టింది. మనకి కూడా ఆ రోజు రావచ్చు. ఈలోగా మనం చేయగలిగింది మన చేతిలోనే ఉంది, అది తేదీ మార్చుకోవడం.

మన క్లబ్‌కి ప్రతిపాదన

ఏటా జనవరి రెండో వారాంతంలో నలభై మందితో బస్సు వేస్తున్నాం. ఈసారి దాన్ని రెండుగా విడదీద్దాం. దసరా తర్వాత ఇరవై మంది, మార్చి చివర్లో ఇరవై మంది. బస్సు బదులు రైలు. స్పీకర్ హాస్టల్లోనే ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక స్టీలు గ్లాసు, తెచ్చుకున్న చెత్త తిరిగి సంచిలో. పిల్లల్నీ పెద్దల్నీ అడక్కుండా ఫోటో తీయొద్దు. చివరి షరతు సాహిత్య క్లబ్ కాబట్టి పెడుతున్నాను: వెళ్ళొచ్చాక ప్రతి ఒక్కరూ అక్కడ విన్న ఒక కొత్త మాటని పత్రికకి రాయాలి. చెట్టు పేరో, పురుగు పేరో, వాన పేరో. డిసెంబర్ ట్రిప్పుల నుంచి మన ఈ-పత్రికకి ఇప్పటిదాకా వచ్చినవన్నీ మంచు మీద కవితలే. ఎడిటర్లని అడగండి, తల పట్టుకుంటారు.

మొన్న ఆగస్టులో అరకు నుంచి పాడేరు మీదుగా లంబసింగి వెళ్ళినప్పుడు అదే టీ కొట్టు దగ్గర ఆగాం. సన్నగా జల్లు పడుతోంది. కొట్టు మూసి ఉంది, పక్కన పాకలో ఆవిడ పనసగింజలు కాలుస్తోంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయింది. "ఈ వానలో ఏటి బాబూ ఇలాగొచ్చారు?" అని లోపలికి పిలిచి, పొయ్యి రాజేసి టీ పెట్టింది. ఆ రోజు ఆవిడ మాతో గంటసేపు మాట్లాడింది. జనవరిలో మాట్లాడింది ఒక్క వాక్యం.

వచ్చే నెల మీటింగ్‌లో ఓటింగ్ పెడదాం. వద్దనేవాళ్ళు వద్దనండి, కానీ ఆలోచించి అనండి.

— ఎలక్ట్రికల్, థర్డ్ ఇయర్